అక్క ప్రేమగా రాస్తే

జనవరి 9

బంగారు తమ్ముడికి,

ఇవాళ నిన్ను తలుచుకుంటే ఎందుకో నవ్వొచ్చింది. నవ్వు తెప్పించినవాడికి రెండు ముక్కలు రాయకపోతే ఎలా అని కూర్చున్నాను. ఫోన్ చేద్దామంటే నీ చెవుల సంగతి తెలిసిందే. "ఆఁ? ఏంటీ?" అనడంతోనే సరిపోతుంది.

మనం మాట్లాడుకుని పదకొండేళ్ళయిందట. కాజాలావిడ చెప్పింది. మన టైలరింగ్ షాపులో ముప్ఫై ఏళ్ళుగా బొత్తాలకి కాజాలు కుట్టే ఆవిడే, నా సంగతులు నాకంటే ఆవిడకే బాగా గుర్తు. నీ మీద నాకు కోపమన్నది నాకూ గుర్తుంది. ఎందుకో మాత్రం గుర్తు రావడం లేదు. గుర్తులేని కోపం ఎంత పెద్దదైతే ఏంలే అని వదిలేశాను.

ఇక్కడంతా కులాసా. ఓ హోటల్లో తలుపులు తీసే దర్బాన్లకి ఎనిమిది కోట్లు కుట్టాలి. నిన్న ఒక కోటుకి రెండు చేతులూ కుడి చేతులే కత్తిరించాను! యాభై ఏళ్ళలో నా కత్తెర ఇలా ఎప్పుడూ చెయ్యలేదు. కాజాలావిడ మొహం పాలిపోయింది. నేనైతే పడీ పడీ నవ్వాను. ఈమధ్య ద్వారబంధాలు కూడా ఎడమవైపు నుంచి వచ్చి నన్ను గుద్దుతున్నాయి. పొద్దున్నే కాస్త తలనొప్పి. అంతకుమించి ఏం లేదు.

నువ్వు మంచివాడివిరా.

ప్రేమతో,
అక్క


జనవరి 15

అక్కయ్యకు,

నీ ఉత్తరం మూడుసార్లు నేను చదివి, నాలుగోసారి మా ఆవిడ చేత చదివించుకున్నాను. కళ్ళు తడిసి అక్షరాలు ఆనలేదని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

కాగితం ఎడమ సగమంతా ఖాళీగా వదిలేసి కుడి సగంలోనే రాశావు. అంత మార్జిన్ వదిలి పెద్ద పెద్ద ఆఫీసర్లకి రాస్తారు. నలభై ఏళ్ళు క్లినిక్‌లో కాంపౌండరుగా చేసి రిటైరైనవాడికి ఎవరు రాస్తారు?

కోపం ఎందుకో గుర్తులేదన్నావు. గుర్తుండీ లేదనడం నీ పెద్ద మనసు. అమ్మ గుండెల్లో నొప్పంటే గ్యాస్ అని గులాబీ రంగు మందు పోసి, "ఏం కాదు, నువ్వు షాపుకెళ్ళు" అని నిన్ను పంపించినవాణ్ణి నేనే. సాయంత్రానికి అమ్మ లేదు. "వెయ్యి మందిని చంపినవాడు అర వైద్యుడంటారు, నువ్వు ఒక్కరితో ఆగు" అన్నావు అందరి ముందూ. పదకొండేళ్ళు ఆ మాటతోనే కాపురం చేశాను. ఇప్పుడు నువ్వే దాన్ని తీసేశావు.

తలనొప్పి కళ్ళజోడు వల్ల అయ్యుంటుంది. మార్పించు.

నమస్కారాలతో,
నీ తమ్ముడు


ఫిబ్రవరి 2

చిట్టి తమ్ముడికి,

కంగారు పడకు, నేనూ పడటం లేదు. కాజాలావిడ పోరు పడలేక పెద్దాసుపత్రికి వెళ్ళాను. తల డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల, చాలా మంచిది, తెల్లకోటు భుజాలు మాత్రం రెండు వేళ్ళు జారాయి. వందలోంచి ఏడేడు తీసేస్తూ వెళ్ళమంది. తొంభై మూడు దాకా తీసి, మిగతావి నువ్వు ఉంచుకో తల్లీ అన్నాను. గడియారం బొమ్మ వెయ్యమంది. అంకెలన్నీ కుడివైపే వేశానట. స్థలం ఉన్నచోటే కదా వేస్తాం!

స్కాన్‌లో మెదడు కుడిపక్కన మచ్చ ఉంది, ఓవర్‌కోటు బొత్తామంత. అది గడ్డ అట. మామూలుగా వచ్చే రకంలా లేదు, అరుదైన జాతిలా ఉంది అంది. ఏ జాతో తేలకుండా వైద్యం మొదలుపెట్టకూడదట. ఈ నెల 24న పుర్రెకి చిన్న చిల్లు పెట్టి, సూదితో ముక్క తీసి చూస్తారు. ఊరికే వదిలేస్తే డెబ్భై ఒక్కేళ్ళ మనిషికి నాలుగు నెలలు గడవడం కష్టమని కాజాలావిడతో గుమ్మం దగ్గర అంది. నాకు వినబడుతూనే ఉంది. భయం మాత్రం వెయ్యలేదు.

ఒక్కటే చిత్రం. అంత చదివిన పిల్ల నొప్పికి ఏమీ రాయలేదు. మాత్రల గురించి ఏదో గట్టిగానే చెప్పింది, ముందు మాటా వెనక మాటా జారిపోయాయి. నీ చేతి మందేదైనా పంపరా. నీ చెయ్యి చల్లని చెయ్యి.

ప్రేమతో,
అక్క


ఫిబ్రవరి 6

అక్కయ్యకు,

నీ ఉత్తరం చూసి రెండు రోజులు అన్నం సహించలేదు. ఆ తర్వాత నాలోని కాంపౌండరు లేచాడు.

మాత్రల మాట డాక్టరమ్మ ఎత్తిందంటున్నావు. అంటే రాద్దామనుకుని మర్చిపోయిందన్నమాట. చిన్న వయసు, పని ఒత్తిడి. తలలో వాపంటే మా డాక్టరుగారు ముందు రాసేది ఒకటే, చిన్న తెల్ల స్టిరాయిడ్ మాత్ర. దాన్నే పొట్లం కట్టి పంపుతున్నాను. పొద్దున రెండు, మధ్యాహ్నం రెండు, తిన్నాకే. ఖాళీ కడుపున వేసుకోకు.

నా చేతి మందు నువ్వు అడిగావు చూడు, అదీ నాకు కావలసింది. రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే. ఈసారి నా చెయ్యి తప్పదు.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 26

ఒరేయ్ కాంపౌండరూ,

నేను నీకు ఉత్తరాలు రాశానంటే నమ్మలేదు. కాజాలావిడ నీ జవాబులు రెండూ తెచ్చి కత్తిరింపు బల్ల మీద పడేసింది. "నీ పెద్ద మనసు" అట! నా మనసు కొలత నువ్వు తియ్యక్కర్లేదు. అన్నీ గుర్తున్నాయి, గులాబీ రంగు మందుతో సహా. మళ్ళీ నీ చేతి మందే మింగానంటే నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి.

మింగిన మాట నిజం. మూడో రోజుకి తలనొప్పి పోయింది. వారానికి ద్వారబంధాలు ఎక్కడివక్కడ నిలబడ్డాయి. పాడుచేసిన కోట్లన్నీ విప్పి మళ్ళీ కత్తిరించాను. ఆకలి ఆగడం లేదు, నిద్ర రావడం లేదు, మొహం ఉబ్బింది. ఒళ్ళు చేశానని కాజాలావిడ మురిసిపోతోంది, వాపుని చూసి బలుపనుకునే రకం.

24న సూదికి ముందు మళ్ళీ స్కాన్ తీశారు. ఓవర్‌కోటు బొత్తాం కాస్తా చొక్కా బొత్తామైంది. డాక్టరమ్మ సంతోషిస్తుందనుకుంటే మొహం మాడ్చుకుంది. రోగి బాగుపడితే దిగులుపడే డాక్టర్ని ఇప్పుడే చూడటం. "ఇప్పుడు సూది వేసినా ఏమీ దొరకదమ్మా" అని ఆపేసింది. ఏవైనా మాత్రలు వాడారా అని మూడుసార్లు అడిగింది. లేదన్నాను. నిన్ను కాపాడదామని కాదు. అవునంటే ఎవరిచ్చారంటుంది, తమ్ముడంటే నాకు ఇలాంటి తమ్ముడున్నాడని ఒప్పుకోవాలి.

జవాబు రాయకు.

అక్క


మార్చి 3

అక్కయ్యకు,

జవాబు రాయొద్దన్నావు కాబట్టి ఇది జవాబు కాదు, వైద్య సలహా.

నీ ఉత్తరం పైకి చదువుతూ మా ఆవిడ మధ్యలో ఆపి మంచినీళ్ళు తాగింది. నాకు కోపం లేదు, భయమేస్తోంది. జనవరిలో రాసిన మనిషికీ ఈ మనిషికీ ఎక్కడా పోలిక లేదు. ఈ మాత్రలు కొందరికి చిరాకు పుట్టిస్తాయని నేను చూసినదే. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, నీకు రెండో నాలుక మొలిచింది.

మచ్చ తగ్గింది, అంటే మందు పని అయిపోయింది. ఇక మానెయ్యి. ఒక్కసారిగా మానకూడదు, వారం రోజులు సగం, ఇంకో వారం పావు, తర్వాత సున్నా. కోపమూ దాంతోనే పోతుంది, నా జనవరి అక్క నాకు తిరిగొస్తుంది.

నలభై ఏళ్ళు ఇంకొకరు రాసిన చీటీ చూసి మందు కట్టినవాణ్ణి. నా అంతట నేను బాగుచేసిన జబ్బు ఇదొక్కటే. అదీ మెదడులో గడ్డ! ఎవరికీ చెప్పుకోలేను గానీ, నిన్న అద్దంలో చూసుకుని మీసం దువ్వుకున్నాను.

నీ తమ్ముడు


మార్చి 25

నా బంగారు కొండకి,

నువ్వు చెప్పినట్టే మాత్రలు మానేశాను. ఎంత హాయిగా ఉందో! కోపమన్నదే లేదు. మొన్న షాపులో పడిపోయాను. నేల చల్లగా ఉంది, లేవబుద్ధి కాక కాసేపు అక్కడే పడుకున్నాను. ఎడమ చెయ్యి ఒకటి పక్కన కనబడితే ఇది నీదా అని కాజాలావిడని అడిగాను. ఏడ్చింది. పాపం, ఈమధ్య అందరూ ఏడుస్తున్నారు.

దర్బాన్ల కోట్లకి ఒక్కో చెయ్యే పెట్టాను. తలుపు తియ్యడానికి ఒక చెయ్యి చాలదూ? నాకు పూర్తిగా నయమైందని అందరికీ చెప్పు.

అమ్మ ఎలా ఉంది? అడిగానని చెప్పు.

ప్రేమతో, ప్రేమతో,
అక్క


ఏప్రిల్ 14
ఆసుపత్రి ఎదుటి లాడ్జి

అక్కయ్యకు,

నువ్వు గదిలోకి రానివ్వడం లేదు కాబట్టి రోడ్డుకి ఈ పక్కనుంచి రాస్తున్నాను. కాజాలావిడ తెచ్చి ఇస్తుంది. చింపేముందు చదువు, ఈ మూడు వారాల్లో ఏం జరిగిందో నీకు తెలియాలి.

నీ మార్చి ఉత్తరం మొదటి నాలుగు లైన్లు చదివి సంతోషించాను. ఆ మాట దాచను. నా వైద్యం ఫలించిందనుకున్నాను. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టుంది నా తెలివి. అమ్మ ఎలా ఉందన్న చోటికి వచ్చేసరికి ఆ సంతోషం ఎగిరిపోయింది. కాగితం తిప్పితే వెనక కాజాలావిడ రాసిన రెండు లైన్లున్నాయి. "అన్నయ్యగారూ, వెంటనే రండి. ఆవిడ నన్ను ఒక్కసారి కూడా తిట్టడం లేదు." అప్పటికప్పుడు బస్సెక్కాను, ఆరు గంటలూ కూర్చోలేక నిలబడే వచ్చాను.

నువ్వు మంచం మీద నన్ను చూసి నవ్వావు. నా చెయ్యి పట్టుకున్నావు. డాక్టరమ్మ వచ్చి, "ఏవైనా మాత్రలు ఇచ్చారా?" అని నన్నడిగింది. ఒక్కరితో ఆగమన్నావు కదా, ఆగలేదేమో అనిపించింది. అంతా చెప్పేశాను.

ఆవిడ అరిచి ఉంటే బాగుండేది. నెమ్మదిగా చెప్పింది. మొదటినుంచీ తన అనుమానం లింఫోమా అట, రక్తంలో తెల్లకణాల జాతి కాన్సరు, మెదడులో పుట్టడం చాలా అరుదు. ఈ ఒక్క జాతి గడ్డకి నేను పంపిన మాత్ర తగిలితే మంచులా కరుగుతుందట. కరిగి మాయమై, మాత్ర ఆపగానే మళ్ళీ వస్తుందట. మాయమైనప్పుడు సూది వేస్తే ఏ జాతో తేలదు, తేలకపోతే అసలు మందు మొదలుపెట్టలేరు. ఆవిడ నీకు గట్టిగా చెప్పింది అదే, సూది పడేదాకా ఏ మాత్రా మింగొద్దని. "మీరు పంపినందువల్ల నెలన్నర పోయింది. ఆపించినందువల్ల గడ్డ దొరికింది. ఎందుకు ఆపించారు?" అంది. "నన్ను తిట్టిందండీ" అన్నాను.

తర్వాత నీ ఉత్తరాలు ఉన్నాయా అని అడిగింది. జేబులో ఉన్నాయి. తేదీల ప్రకారం బల్ల మీద పరిచింది. జనవరి 9 ఉత్తరం మీద, ఆ ఖాళీ ఎడమ సగంలో, పెన్సిలుతో టిక్కు పెట్టి, "అప్పటికే ఎడమవైపు ఆవిడకి కనబడటం మానేసింది. ఈ మెత్తదనం కూడా గడ్డదే" అంది. అక్కా, ఆ ఉత్తరాన్ని మూడు నెలలు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. అది క్షమాపణ కాదు, నీ రోగానికి మొదటి గుర్తు. వరండాలోకి వెళ్ళి ఏడ్చాను.

ఈ నెల 3న ముక్క తీశారు, పరీక్షలో అదే జాతని తేలింది. తీసిన సాయంత్రమే డాక్టరమ్మ నీకు రాసిన మందేంటో తెలుసా? అదే మాత్ర! అదే తెలుపు! "ఇదే కదండీ నేనిచ్చింది" అన్నాను. "తప్పు మాత్రది కాదు, తేదీది" అంది. నాలుగు రోజులకి నువ్వు కళ్ళు తెరిచి నన్ను చూసి, "వీణ్ణి ఎవరు పిలిచారు?" అన్నావు. లాడ్జికి వచ్చి మా ఆవిడకి ఫోన్ చేసి, అక్కకి నయమవుతోందని చెప్పాను.

ఇప్పుడు అసలు సంగతి. రెండు వారాలకోసారి ఆసుపత్రిలో పడుకోబెట్టి ఒక పెద్ద ఇంజక్షను ఎక్కిస్తారు. అది కిడ్నీల గుండా బయటికి పోవాలి. నీ వయసులో కిడ్నీలు తట్టుకోకపోతే ప్రమాదం, మోతాదు మరీ తగ్గిస్తే గడ్డ తట్టుకుంటుంది. నిర్ణయం నీదేనంది. నన్నడిగితే, నన్నడక్కు.

నీ తమ్ముడు


ఏప్రిల్ 15

కాంపౌండరుకి,

చదివాను. చింపలేదు, వెనకవైపు ఖాళీ ఉందని.

నా ఉత్తరాలు పరాయి మనిషి ముందు పరిచినందుకు నిన్ను తర్వాత చూసుకుంటాను. డాక్టరమ్మతో మాట్లాడాను. కొలత తగ్గించి కుట్టిన కోటు ఎవడికీ పనికిరాదని చెప్పాను. కిడ్నీలకి రోజూ పరీక్ష చేస్తూ, అవి తట్టుకున్నంత ఇస్తానంది. ఎనిమిది సార్లు. సరేనన్నాను. నాకు భయంగా ఉంది. రాస్తే తగ్గుతుందేమోనని రాశాను, తగ్గలేదు.

డాక్టరమ్మ నీకో ఉద్యోగం ఇచ్చిందట కదా, నా ఉత్తరాల్లో మళ్ళీ తీపి తగిలితే తనకి తెలియజెయ్యమని? కాజాలావిడ చెప్పింది. లాడ్జిలో ఛాతీ విరుచుకుని తిరుగుతున్నావట. ఇంటికి పో. మీ ఆవిడ ఏం పాపం చేసింది, ఒంటరిగా ఉండటానికి? అక్కడినుంచే చెయ్యి నీ ఉద్యోగం.

అక్క


జూలై 12

తమ్ముడికి,

ఆరో ఇంజక్షను అయింది. మధ్యలో ఒకసారి కిడ్నీలు మొరాయిస్తే పది రోజులు వెనక్కి జరిపారు. జుట్టు పలచబడింది, నోరంతా పుళ్ళు. తిట్టడానికి నోరు తెరవాలంటే కష్టంగా ఉంది, అందుకే కాజాలావిడ ఈమధ్య కొంచెం సుఖపడుతోంది. దర్బాన్ల కోట్లు ఆవిడే పూర్తిచేసి ఇచ్చేసింది. కాలర్లు నిలబడలేదు. ఏమీ అనలేదు.

మంచం మీద పడి ఉంటే ఆలోచనలు ఎక్కువ. అమ్మ పోయిన రోజు నువ్వు నన్ను షాపుకెళ్ళమన్నావు. వెళ్ళింది నేను. అమ్మ మొహానికి పట్టిన చెమట చూశాను, చూసి కూడా, ఆ రోజు ఇవ్వాల్సిన బట్టలున్నాయని వెళ్ళాను. నీకు కనబడింది గ్యాస్. నాకు చెమట కనబడింది. ఇద్దరి తప్పూ తీసుకెళ్ళి నీ ఒక్కడి నెత్తినే పెట్టి పదకొండేళ్ళు ఊరుకున్నాను. అది నువ్వు మొయ్యాల్సింది కాదు.

ఇది ఎప్పుడో చెప్పాల్సింది. మీ ఆవిణ్ణి అడిగానని చెప్పు.

అక్క


జూలై 17

అక్కయ్యకు,

నన్ను క్షమించు. నువ్వు రాసింది చదివాను. రాత్రంతా కూర్చుని చదివాను. కాగితానికి రెండు వైపులా మార్జిన్ సమానంగానే ఉంది, అక్షరాలూ నిటారుగా ఉన్నాయి. అయినా "అది నువ్వు మొయ్యాల్సింది కాదు" అన్న లైను దగ్గర నీ జనవరి ఉత్తరమే గుర్తొచ్చింది. కాలర్లు నిలబడకపోతే నువ్వు ఏమీ అనలేదట! కిందటిసారి ఇలాంటి ఉత్తరం వస్తే పిచ్చివాడిలా సంబరపడి నిన్ను చావుదాకా తీసుకెళ్ళాను. మళ్ళీ ఆ పని చెయ్యను.

ఉత్తరం నకలు తీసి డాక్టరమ్మకి పంపేశాను. వెంటనే స్కాన్ తియ్యమని చేతులు జోడించి రాశాను.

ఇది నిజం కాకపోయినా ఫరవాలేదక్కా. నువ్వు తిడుతూ బతికుంటే నాకు చాలు.

నీ తమ్ముడు


జూలై 26

ఒరేయ్ కాంపౌండరూ,

పదకొండేళ్ళకి గొంతు పెగిలి ఒక్క మంచి మాట రాస్తే, స్కాన్ తీయిస్తావా?

ఇవాళ ఆ గొట్టంలో ముప్పావుగంట పడుకోబెట్టారు. అందులో చప్పుడు నా పాత కుట్టుమిషన్ కంటే ఘోరం. స్కాన్ చీటీలో కారణం రాయాల్సిన చోట డాక్టరమ్మ ఏం రాసిందో తెలుసా? "రోగి తమ్ముడితో ఆప్యాయంగా మాట్లాడింది." మిషన్ నడిపే అతను రెండుసార్లు చదివి, నా వంక చూసి, "ఇంతేనా అమ్మా?" అన్నాడు. పరువు తీశావు. ఏడేడు తీసేయమంటే వందనుంచి రెండు దాకా ఆగకుండా తీసేశాను, ఇంకా కావాలా అని అడిగాను. గడియారం వేశాను, సెకన్ల ముల్లుతో సహా.

డాక్టరమ్మ మధ్యాహ్నం ఫిల్ము పట్టుకుని తనే వచ్చింది. మచ్చ లేదు. మిగతా రెండు ఇంజక్షన్లూ పూర్తి చెయ్యాలి, ఆ తర్వాత కూడా మూడు నెలలకోసారి చూస్తూ ఉండాలి, మళ్ళీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరంది. ఇవాళ్టికి మాత్రం తలలో నేను తప్ప ఇంకేమీ లేదు. నీ భయం మాట చెప్పి, అయితే ఆ ఉత్తరం ఎవరు రాసినట్టు అని అడిగాను. "మీరే రాశారమ్మా" అంది.

విన్నావా? నేనే రాశాను. నోటి పుళ్ళతో, నిండా తెలివితో, కూర్చుని ఆలోచించి రాశాను. గడ్డది కాదు, మాత్రది కాదు. నీకు బాగా అర్థమయ్యేలా ఇంకొక్కసారి రాస్తాను, ఆపైన నన్ను అడక్కు. అమ్మ పోయింది నీ వల్ల కాదురా, నాన్నా.

దీన్ని కూడా తీసుకెళ్ళి డాక్టరమ్మకి చూపించావంటే కాళ్ళు విరగ్గొడతాను.

అక్క